తాత నల్ల పంది పేరు

నుకుఅలోఫా,
ఆగస్టు 6, 2018

మనాసే,

దేవుడు నీకు మంచి బుద్ధి ఇవ్వాలి. ఆయన్ని రోజూ అడుగుతూనే ఉన్నాను, ఈ వారం కాస్త గట్టిగా అడుగుతున్నాను.

నీకు పేరు పెట్టింది నేను. పొత్తిళ్ళలో ఉన్న నిన్ను నేను అల్లిన మొగలాకు చాపలో చుట్టి చర్చికి మోసుకెళ్ళింది నేను. మీ నాన్న నాకు తమ్ముడై పుట్టాక ఒక్కసారైనా నా మాటకు ఎందుకని అడిగి ఎరగడు. అలాంటి నన్ను, మేనత్తని, నేను నేనేనా అని అడిగావు.

చాపలు అల్లే ఇంట్లో ఆడవాళ్ళమంతా కూర్చుని ఉన్నాం. మా నాన్న కట్టిన ఆఖరి పాటలో రెండో చరణం వినాలనిపించింది. మీ ఇంటి కంప్యూటర్‌లో ఉన్నదే కదా, పంపించమని నీకు మెసేజ్ పెట్టాను. జవాబు టక్కున వచ్చింది. కళ్ళద్దాలు ఇంట్లో వదిలేశాను కనక వాసితి చేతికి ఫోనిచ్చి చదవమన్నాను. అది పాస్టరులాగా గొంతు సవరించుకుని మరీ చదివింది. "మీరు నిజంగా మా అత్తయ్యే అయితే తాత పెంచిన నల్ల పందికి పేరేమిటో చెప్పండి. చెప్పాకే పంపిస్తాను."

వాసితి మన ఊరి పిల్లే కదా, దానికి ఆ పంది తెలుసు. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాన్ని చూసి ఇంకొకతె. కాసేపటికి ఆ పంది మొహం ఎరగనివాళ్ళు కూడా చాపల మీద పడి దొర్లుతున్నారు. నేను లేచి వచ్చేశాను. అల్లుతున్న చాప అక్కడే వదిలేసి వచ్చాను.

ఇన్ని పందుల్లో నీకు ఆ పందే దొరికిందా? ఎందుకు మండిందో నీకు చెప్పను. నీ వయసుకి అక్కర్లేదు.

ఇకమీదట నాకు ఫోన్ చేయకు, ఫోనులో రాయకు. చెప్పేది ఉంటే మీ తాతలాగా కాగితం మీద రాసి పడవలో పంపించు. నీ కోడిగెలుకుడు రాత చూస్తే రాసింది నువ్వేనని నాకు తెలిసిపోతుంది. నేను పందుల సంగతి అడగను.

నీ మేనత్త,
లెసీలి


వవావు,
ఆగస్టు 21, 2018

అత్తయ్యా,

మీరన్నట్టే కాగితం మీద రాస్తున్నాను. నాన్న మీ దగ్గర క్షమాపణ చెప్పుకుని నిన్నటి పడవలో వచ్చాడు. వేళ్ళతో పెకలించిన కావా మొక్క, కాల్చిన పంది, అమ్మ పెళ్ళినాటి చాప అన్నీ తీసుకున్నారట, నా సంగతి మాత్రం ఎత్తలేదట. పడవ దిగి ఇంటికొచ్చిన నాన్న మొహం నేను చూశాను. అంత పెద్ద మనిషి మీ గుమ్మం ముందు తల వంచుకుని కూర్చున్నాడంటే దానికి కారణం నేను. అందుకు మీ కాళ్ళ మీద పడతాను.

అడగడం తప్పని మాత్రం అననండి. నాన్న అన్నాడు, అమ్మ అంది, పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా అన్నారు. అందరూ నావైపు తిరిగి చూశారు. నేను అనలేను.

కిందటేడు రాజధాని నుంచి ఒకాయన కంప్యూటర్ భద్రత గురించి చెప్పడానికి బడికి వచ్చాడు. విన్నది నలుగురం. ఆయన తెచ్చిన కరపత్రాల పెట్టె మిగిలిపోతే కొట్టువాళ్ళు వాటిలో చేపలు చుట్టి అమ్మారు. నేను ఆ చేపల కాగితాలు కూడా అడిగి తెచ్చుకుని ఆరబెట్టి చదివాను. ఒక్కో ముక్కా నాకు నోటికొచ్చు. ఈ కాలపు దొంగ తలుపు పగలగొట్టడు అత్తయ్యా. మనవాడి పేరు పెట్టుకుని మనవాడిలాగా పిలుస్తాడు. తలుపు మనమే తీస్తాం. అందుకే కాస్త వింతగా ఏదైనా అడిగితే, అడిగింది ఎవరైనా సరే, వేరే దారిలో వాళ్ళనే కనుక్కోమని రాశారు. "ఎవరైనా సరే" అని ఉంది. కింద గీత కూడా గీశారు. రాసినవాడికి మేనత్త లేదేమో.

మన దీవుల్లో దొంగకి కష్టమే లేదు. అడిగితే ఇచ్చేస్తాం. పెద్దవాళ్ళు అడిగితే ఎందుకని కూడా అడగం. దాన్ని మర్యాద అంటున్నాం. ఇంత మంచి ఊరు దొరికితే దొంగ వదులుతాడా? నాకు ఒళ్ళు మండేది దీనికే. పాత మర్యాద పోవాలని నేను అనడం లేదు. దానికి ఒక గొళ్ళెం పెట్టుకుందామంటున్నాను.

నాన్న నన్ను ఇక కంప్యూటర్ ముట్టుకోవద్దన్నాడు. నా ఫోన్ తీసి అమ్మ పెట్టెలో పడేశాడు. గోడకి అంటించిన కరపత్రాలు చింపేశాడు. వారం వారం కంప్యూటర్‌కి కొత్త మరమ్మతులు దించుకునేది నేనొక్కడినే. ఇప్పుడు దాన్ని అడిగే దిక్కు లేదు. తాత పాటంతా దానిలోనే ఉంది. మొదటి రెండు చరణాలంటే ఊళ్ళో ముసలమ్మలకు సగం సగం గుర్తున్నాయి. మూడోది తాత మంచం పట్టాక కట్టాడు. పాడి, మంచం మీద కూర్చునే చేతులు ఎలా తిప్పాలో చూపించాడు. అప్పుడు నేనూ మాస్టారి దగ్గర ఎరువు తెచ్చిన కెమెరా తప్ప ఎవరూ లేరు. కెమెరా తిరిగి ఇచ్చేశాను, మాస్టారు అందులోవి తుడిచేసుకున్నారు. నవంబరులో కొత్త సభామందిరం తెరిచేటప్పుడు ఊరంతా ఆడాల్సింది ఆ పాటకే. వరస మధ్యలో నిలబడాల్సింది మీరే.

ఒక్కటే ధైర్యం. తాత సమాధి మీద రాళ్ళు పరిచిన రోజున నా దగ్గర ఎర్ర తాడు ఉన్న పెన్‌డ్రైవ్ చూసి మీరు ఏమిటిది అన్నారు. తాత గొంతు అన్నాను. అయితే నాది అని మెడలో వేసుకున్నారు. మేనత్త అడిగాక కాదనేదేముంది. అప్పుడు ఏడుపొచ్చింది కాని తరవాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఒక ప్రతి వేరే చోట పెట్టుకోమని కరపత్రంలో ఉంది. వేరే దీవిలోనే ఉందిప్పుడు. మీకు కంప్యూటర్ లేదు కనక ఏ దొంగా దాన్ని తాకలేడు.

మీకోసం ఒక కరపత్రం ఇందులో పెట్టాను. కాస్త చేపల వాసన వస్తుంది. చదవండి అత్తయ్యా.

మీ మేనల్లుడు,
మనాసే


నుకుఅలోఫా,
సెప్టెంబరు 2, 2018

కరపత్రాల పాస్టరుగారికి,

తమరి ఉత్తరం, తమరి చేపల సువార్త రెండూ అందాయి. పిల్లి ఉత్తరం చుట్టూ సాయంత్రం దాకా తిరిగింది.

మీ అమ్మ పెళ్ళినాటి చాప నేను వాడను, దాచాను. నీ పెళ్ళికి వెనక్కి వస్తుంది. నిన్ను కట్టుకునే పిల్ల ఎక్కడుందో పాపం. ముద్దు పెట్టబోతే నువ్వు నువ్వేనని రుజువేమిటంటావు.

గొళ్ళెం అంటావు. మేం పుట్టిన ఇంటికి తలుపే లేదు, తెలుసా? ఎవరి కుండలో చేమదుంపలు ఉడుకుతున్నా వెళ్ళి కూర్చునేవాళ్ళం. మనిషిని మనిషి అడగడం, ఉన్నది ఇవ్వడం, దాని మీదే బతికాం. ఇవ్వనివాడి పేరు ఎవరి నోటా రాలేదు. నా ఫోనే తీసుకో. అందులో పాస్‌వర్డ్ అదీ ఇదీ నాకు తెలియవు, చూసి పెట్టేది చర్చి పాటబృందం పిల్లలే. అడిగారు, చెప్పాను. మీ తాత పేరే పెట్టుకున్నాను, దాచుకునే పేరా అది? వాళ్ళ స్నేహితురాళ్ళకు కూడా తెలుసు. దానివల్ల నాకు ఏం నష్టమొచ్చింది? పుట్టినరోజుకి వందమంది దండలు పంపారు.

నీ కరపత్రం మాత్రం పారేయలేదు. వాసితి చదివి వినిపించింది. చాలావరకు బెదిరింపులే. ఒక్కటి నచ్చింది, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తవద్దని. ఈమధ్య ఎవడెవడో చేసి లాటరీ తగిలిందంటున్నాడు. అది పాటిస్తాను. నీ మాట ఒక్కటైనా విన్నానని చెప్పుకో.

నాన్న పాట కోసం మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాను. వరస మధ్యలో నిలబడి పడిపోతే బాగుండదు కదా. పెన్‌డ్రైవ్ స్నానానికి తప్ప తీయడం లేదు. వినపడకపోయినా బరువు తెలుస్తుంది.

కోపం సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకుంటాను.

లెసీలి


వవావు,
సెప్టెంబరు 11, 2018

పూజ్యురాలైన అత్తయ్యగారికి,

మనాసే నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన మాంసం మీకు పంపుదామనుకుంది కాని పడవలో పాడవుతుందని మానేసింది. యాము దుంపలు బాగా ఊరాయి. కొత్త మందిరానికి పైకప్పు పడింది.

మన కంప్యూటర్‌కి కొన్నాళ్ళుగా ఒంట్లో బాగాలేదు. అందులో ఉన్నవి ప్రస్తుతం కనిపించడం లేదు. కారణం ఎవరికీ తెలియదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తమరు బెంగ పెట్టుకోవద్దు.

తాత గొంతు ఇప్పుడు తమరి మెడలో తప్ప ఇంకెక్కడా లేదు. దాని అవసరం మా అందరికీ పడవచ్చు.

ఈ ఉత్తరం నాన్న చదివారు. తమరికి వందనాలు చెప్పమన్నారు.

ఇట్లు తమ విధేయుడైన మేనల్లుడు,
మనాసే


నుకుఅలోఫా,
సెప్టెంబరు 18, 2018

నా బంగారు తండ్రీ,

ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పూజ్యురాలైన" అట. నీ చేత ఆ మాట రాయించాలంటే మీ నాన్న పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఉండాలి. ఇంత మర్యాదగా నువ్వు ఎప్పుడూ లేవు. నా మీద బెంగతోనే ఇలా అయ్యావని నాకు అర్థమైంది. మిగతా సగం కోపం కూడా పోయింది.

అవసరం పడవచ్చని రాశావు. మనవాడు అవసరమని నోరు తెరిచి అడిగేదాకా ఆగేదాన్నా? ఆ మాత్రం సూచన అర్థం చేసుకోలేనా? ఇదిగో, మెడలోంచి తీశాను. నా తపా బెరడు గుడ్డ ముక్కలో చుట్టి చర్చి పెద్ద పులోతు చేతికిస్తున్నాను. తీశాక మెడ బోసిగా ఉంది.

మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను. శనివారం ఆడేవాళ్ళనందరినీ పిలిచి, పాస్టరుగారిని పిలిచి, కంప్యూటర్‌కి పెట్టి అందరికీ వినిపించమన్నాను. కంప్యూటర్ ఎలా ఉందని అడిగితే కుదుటపడిందక్కా అన్నాడు. తలకాయ పాడైన ముసలివాళ్ళు కూడా మా నాన్న పాట వింటే లేచి కూర్చునేవాళ్ళు, ఇదీ అంతేనేమో. మొదట కూర్చునే చోటు నీది. నేనే చెప్పానని చెప్పు.

నిన్న ఎవరిదో తెలియని నంబరు. మోగుతూనే ఉంది. నీ కరపత్రం గుర్తొచ్చి ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది, మళ్ళీ ఎత్తలేదు. ఎంత మొండి దొంగో చూడు. నేర్చుకుంటున్నానా లేదా?

నీ అత్త,
లెసీలి


వవావు,
సెప్టెంబరు 19, 2018

అత్తయ్యా,

ఇది నాన్నకి తెలియకుండా రాస్తున్నాను. పోయిన ఉత్తరం ఆయన ముందు కూర్చుని రాసింది. తాత గొంతు సంగతి తప్ప అందులో ఒక్క మాటా నాది కాదు.

మొన్న కొట్టువాళ్ళ ఫోన్ అడిగి మీకు చేశాను. మీరు ఫోన్ చేయవద్దన్నారని తెలుసు, అయినా చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నా మీద కోపం ఇంకా తీరలేదని అర్థమైంది. ఇక కాగితమే గతి.

కంప్యూటర్‌ది జబ్బు కాదు. దానిలోకి దొంగ దూరాడు. తాత పాట, పెళ్ళి ఫొటోలు, చర్చి లెక్కలు అన్నిటికీ తాళం వేశాడు. తెర ఎర్రగా చేసి, సొమ్ము పంపిస్తే తాళంచెవి ఇస్తానని రాశాడు. పంపినా ఇస్తాడని నమ్మకం లేదని కరపత్రంలో ఉంది. చిన్నాన్న కొడుకు సేమి వచ్చి ఏదో నొక్కి ఆ ఎర్ర తెర తీసేశాడు. అది పోయేసరికి జబ్బు తగ్గిందని నాన్న అందరికీ చెబుతున్నాడు. లోపల దొంగ అలాగే ఉన్నాడు. దానికి ఇప్పుడు ఏది తగిలిస్తే దానికి తాళం పడుతుంది. నేను చెబితే నీ నోరు మూసుకో అంటున్నాడు.

ఎలా దూరాడన్నది ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. మెడలో ఉన్నది తీయకండి. ఎవరడిగినా ఇవ్వకండి, నాన్న అడిగినా, నా పేరుతో నేనే అడిగినా ఇవ్వకండి. నవంబరులో మీరే తీసుకురండి. ఈలోగా మాస్టారిని బతిమాలి శుభ్రమైన కంప్యూటర్ చూస్తాను.

పడవ కూత వేస్తోంది. రేవుకి పరిగెత్తాలి.

మనాసే


వవావు,
సెప్టెంబరు 26, 2018

అత్తయ్యా,

రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

ఆరోజు నా ఉత్తరం పడవలోకి అందిస్తుంటే అదే పడవలోంచి పులోతుగారు దిగారు. చంకలో తపా గుడ్డ పొట్లం. ఏం మనాసే, మీ అత్త మీకు ఆస్తి పంపింది అన్నారు. చాప ముక్కో ఏదో అనుకుని తలూపాను. పొట్లం నా భుజానికి తగిలింది కూడా. లోపలున్న మీ ఉత్తరం పాట అయ్యాక ఇద్దామని నాన్న శనివారం దాకా నాకు ఇవ్వలేదు.

శనివారం మధ్యాహ్నానికి ఇంట్లో చోటు లేదు, ఆట సాధనకి వచ్చారనుకున్నాను. ముసలమ్మలు ముందు, పిల్లలు కిటికీల్లో. పాస్టరుగారికి కుర్చీ వేశారు. నాన్న శుభ్రమైన చొక్కా తొడుక్కుని, పండగనాడులాగా నడుముకి చాప చుట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దాన్ని ఎత్తుగా బల్ల మీద పెట్టాం కదా, నాన్న తల వెనకాల నేను నిలబడ్డాను. అప్పుడు ఎర్ర తాడు చూశాను.

"నాన్నా, పెట్టొద్దు."

"అక్క పంపింది."

"అందులో దొంగ ఉన్నాడు నాన్నా, దీనికి కూడా తాళం పడుతుంది."

"అక్క పెట్టమంది," అన్నాడు, తల తిప్పకుండా. "నువ్వు ఒకసారి అడిగావు చాలు."

ఎవరో నవ్వారు. కిటికీలోంచి ఎవరో "పందికి పేరేమిటో అడగరా" అన్నారు. నాన్న దాన్ని గుచ్చాడు. దాన్ని లాగాలంటే నేను నాన్న తల మీదుగా చెయ్యి చాచాలి. చాచాను అత్తయ్యా. తండ్రి తల మీదుగా చెయ్యి పోనిచ్చిన కొడుకు ఈ ఊళ్ళో లేడు. అమ్మ అరిచింది.

అంతలో తాత గొంతు వచ్చింది.

మొదటి చరణం, దగ్గుతో మొదలవుతుందే, అది. ముసలమ్మలు ఒక్కసారిగా చేతులు ఎత్తారు. ఎవరూ చెప్పలేదు, వాటంతట అవే లేచాయి. నా చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఒక్క వేలితో లాగితే అయిపోయేది. తాత పాడుతుంటే లాగలేకపోయాను. ఆయన పాడుతున్నంతసేపూ మిగతావాటికి ఒకదాని తరవాత ఒకదానికి తాళం పడుతోందని నాకొక్కడికే తెలుసు. తెలిసీ వింటూ నిలబడ్డాను.

చరణం అయ్యాక నాన్న రెండోది నొక్కాడు. తెరుచుకోలేదు. మూడోది తెరుచుకోలేదు. అందరూ మళ్ళీ మొదటిదే పెట్టమన్నారు. అదీ తెరుచుకోలేదు. పాస్టరుగారు పాత యంత్రం కదా అన్నారు. ముసలమ్మల చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి, కాసేపటికి దించారు. అందరూ కొబ్బరి రొట్టె తిని వెళ్ళిపోయారు.

కిందటేడు బడికి కరపత్రాలు తెచ్చినాయనకి మాస్టారి ఫోనులో చేశాను. తాళం విప్పడం తన వల్ల కాదన్నాడు. తాళం పడినవాటిని పారేయకండి, ఎప్పుడో ఎక్కడో ఎవరికో తాళంచెవి దొరకవచ్చు అన్నాడు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. నాన్న నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా సరే.

సెప్టెంబరు మొదట్లో మీ పేరుతో కంప్యూటర్‌లో నాన్నకి ఒక మెసేజ్ వచ్చింది. "తమ్ముడూ, సభామందిరానికి పాట కాగితం తయారైంది, ఇది తెరిచి చూడు" అని. మీ ఫొటో ఉంది, మీ పేరుంది. నేను గుమ్మంలో ఉన్నాను, నాన్న చదివాడు. ఎప్పుడూ నాన్నని పేరుతో పిలిచే అత్తయ్య తమ్ముడూ అని ఎందుకు రాస్తుంది అనుకున్నాను. నాన్న కూడా ఒక్క క్షణం ఆగాడు, నేను చూశాను. నావైపు చూశాడు. ఫోన్ చేసి మిమ్మల్ని అడగమని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మీ గుమ్మం ముందు తల వంచుకుని కూర్చుని వచ్చి ఎన్నాళ్ళయిందని? ఆయన అడగలేదు. నేనూ అనలేదు. తెరిచాడు.

అది మీరు కాదు. మీ పాస్‌వర్డ్ ఊరందరికీ తెలుసు కనక ఎవడో మీ వేషం వేసుకుని వచ్చాడు. అక్కకి ఈ సంగతి తెలిస్తే చచ్చిపోతుంది, చెప్పకు అన్నాడు నాన్న. అందుకే ఒంట్లో బాగాలేదని రాశాను. దాన్ని మీరు అలా అర్థం చేసుకుంటారనుకోలేదు. అవసరం పడవచ్చు అంటే దాచండి అని.

కరపత్రాలన్నీ నిన్న పొయ్యిలో పెట్టాను. వాటిలో అబద్ధమేమీ లేదు. మన ఇంట్లో వాటిని ఎలా చేయాలో మాత్రం ఎక్కడా రాయలేదు.

మనాసే


నుకుఅలోఫా,
అక్టోబరు 7, 2018

మనాసే,

ఆ పంది పేరు మోహే.

ముందు అది రాశాను. రాసింది నేనేనని నీకు తెలియాలి.

నువ్వు దాని పేరు అడిగావు కాని ఆ పేరు ఎందుకొచ్చిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ మామయ్య నన్ను చూడ్డానికి మొదటిసారి మన ఇంటికి కావా తాగడానికి వచ్చాడు. నేను గిన్నె ముందు కూర్చుని కావా వేరు పొడి నీళ్ళలో కలిపి అందిస్తున్నాను. మగపిల్లలంతా ఏదో ఒక మాటతో నన్ను నవ్వించాలని చూస్తున్నారు. ఆయన పగలంతా పడవ మీద పనిచేసి వచ్చాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. మర్నాడు మా నాన్న కొత్తగా పుట్టిన నల్ల పందిపిల్లకి మోహే, నిద్రమొహం, అని పేరు పెట్టి, నేను నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా వినపడేలా పిలిచేవాడు. ఊరంతా పిలిచింది. నీకు ఆయన చర్చి పెద్దగానే తెలుసు. ఆయన పోయాక ఆ పేరు నా ముందు ఎవరూ అనలేదు. నువ్వు అడిగినప్పుడు వాసితి నవ్వింది దానికి. మూడేళ్ళుగా ఎవరి నోటా రాని ఆయన, ఆడవాళ్ళందరి మధ్య అలా నిద్రపోతూ వచ్చి కూర్చున్నాడు. దానికి మండింది నాకు. నువ్వు అడిగినందుకు కాదు.

అడిగినందుకే అనుకున్నారు మీరంతా. నేను అనుకోనిచ్చాను.

నువ్వు మెడలోంచి తీయకండి అని రాసిన ఉత్తరం, తీసి పంపిన పడవలోనే, శనివారం దాటాక నాకు వచ్చింది. చదువుతూ మెడ తడుముకున్నాను. అప్పుడు మీ నాన్నకి ఫోన్ చేస్తే పాట బాగా జరిగిందక్కా అన్నాడు. ఇంకోసారి అడిగితే అదే అన్నాడు. మూడోసారి నేను అడగలేదు. వాడిని మళ్ళీ అబద్ధం ఆడించడం నా వల్ల కాలేదు. ఆ మొండి నంబరు నీదేనని కూడా అప్పుడే తెలిసింది. నీ కరపత్రంలో నేను పాటించింది ఒక్కటే, అది నీ మీదే పాటించాను.

పాటబృందం పిల్లల్ని పిలిచి ఫోన్ ముందు పెట్టాను. వాళ్ళు ఏడ్చారు. ఎవరు ఎవరికి చెప్పారో వాళ్ళకే తెలియదు. పాస్‌వర్డ్ మార్చారు. కొత్తది నా ఒక్కదానికే తెలుసు. ఎవరైనా అడిగితే ఇవ్వనని అనాలట, అద్దం ముందు నిలబడి అని చూశాను. గొంతు నాది కాదనిపించింది.

మీ నాన్నని ఏమీ అనకు. నీ చెయ్యి తన తల మీదుగా వచ్చిందని వాడు నాకు చెప్పలేదు, చెప్పడు కూడా. నువ్వూ ఎవరికీ చెప్పకు.

తాళం పడిన పెన్‌డ్రైవ్ దాచి ఉంచు. వచ్చాక మళ్ళీ నా మెడలో వేసుకుంటాను. బరువు అంతే ఉంటుంది కదా.

వాసితీ నేనూ కూర్చుని మొదటి రెండు చరణాలు కూడదీశాం. అక్కడక్కడా చిల్లులున్నాయి, ముసలమ్మలు పూడుస్తారు. మూడోదాని గురించి రాత్రీ పగలూ ఆలోచించాను. మనం కల్పించి పాడితే నాన్న ఒప్పుకోడు. వదిలేసి ముగిస్తే పాట ఉందని పిల్లలకు తెలియకుండానే పోతుంది. అందుకని మూడో చరణం వచ్చేసరికి వరసంతా అలాగే నిలబడుతుంది. చేతులు దించుకుని, నోరు మూసుకుని, అది ఎంతసేపు ఉండేదో అంతసేపు. ఎంతసేపో నీకొక్కడికే తెలుసు. నువ్వు ముందు నిలబడి తలూపు, అప్పుడు కదులుతాం.

నవంబరు మొదటి పడవలో వస్తాను. రేవులో చర్చివాళ్ళుంటారు, మీ నాన్న ఉంటాడు, ఊరు సగం ఉంటుంది. నేను పడవ దిగే చెక్క మీద కాలు పెట్టగానే అందరికీ వినపడేలా ఆ పంది పేరు అడుగు. నేను చెప్పేదాకా నన్ను దిగనివ్వకు.

లెసీలి